మనుషుల్ని ఆస్తిగా రాసుకున్న దేశం: అమెరికా అంతర్యుద్ధం ఎందుకొచ్చింది, ఎలా నడిచింది (ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

1861 ఏప్రిల్ నుంచి 1865 ఏప్రిల్ దాకా నాలుగేళ్ళు అమెరికా రెండుగా చీలి కొట్టుకుంది. అప్పటి ఆ దేశ జనాభా 3 కోట్ల 14 లక్షలు. చనిపోయిన సైనికులు 6 లక్షల 20 వేలని చాలాకాలంగా చెబుతున్న లెక్క. జనాభా పట్టికలను మళ్ళీ తిరగేసిన చరిత్రకారులు ఆ సంఖ్య 7 లక్షల దాకా ఉంటుందంటున్నారు. మన పిల్లలు ఎంతోమంది ఇవాళ ఉద్యోగాలు చేసుకుంటున్న అట్లాంటా, రిచ్‌మండ్ ఆ యుద్ధంలో తగలబడిన ఊళ్ళు.

ఈ యుద్ధం దేనికొచ్చింది అని అడిగితే రకరకాల జవాబులు వినిపిస్తాయి. రాష్ట్రాల హక్కులంటారు, సుంకాలంటారు, ఉత్తరానికీ దక్షిణానికీ పడలేదంటారు. నేను మాత్రం బానిసత్వమే కారణమని చెబుతాను, అదీ విడిపోయిన రాష్ట్రాలు తామే రాసిపెట్టుకున్న కాగితాల ఆధారంగా. ఇంకొక మాట కూడా చెప్పాలని వచ్చాను. యుద్ధం మొదలైనప్పుడు వాషింగ్టన్ ప్రభుత్వానికి బానిసల్ని విడిపించే ఉద్దేశం లేదు. ఆ ఉద్దేశం పుట్టేలా చేసింది బానిసలే. అధ్యక్షుడు లింకన్ బానిసల విమోచన ప్రకటన మీద సంతకం పెట్టడానికి ఏడాదిన్నర ముందే వాళ్ళు తమ కాళ్ళతో నడిచి వచ్చి యుద్ధం దారి మార్చారు.

ముందు పత్తి సంగతి చూద్దాం, ఎందుకంటే అది తెలియకుండా మిగతాదేదీ అర్థం కాదు. దక్షిణ రాష్ట్రాల లోపలి నేలల్లో పండే పత్తి పొట్టి పింజది. దాని గింజకు నూగు గట్టిగా అంటుకుని ఉంటుంది. చేత్తో గింజ తీస్తే మనిషికి రోజుకు ఒక పౌను దూది రావడం గగనం. 1793లో ఎలీ విట్నీ జిన్ను అనే గింజ తీసే యంత్రం తయారుచేశాడు. చెక్క దిమ్మకు తీగ పళ్ళు, ఆ పళ్ళు దూరేంత సందులున్న కమ్మీలు, వెనక ఒక బ్రష్షు. పళ్ళు దూదిని లాక్కుపోతాయి, సందులో పట్టని గింజ ఇవతలే రాలిపోతుంది, బ్రష్షు దూదిని దులుపుతుంది. అంతే యంత్రం. దాంతో రోజుకు యాభై పౌన్లు తీయొచ్చు. 1790 ప్రాంతంలో 3 వేల బేళ్ళు పండిన దేశం 1860కి దాదాపు 40 లక్షల బేళ్ళకు చేరింది. ఆ దేశం ఎగుమతి చేసే సరుకు విలువలో సగానికి పైగా పత్తిదే.

అయితే జిన్ను గింజ తీసే పనినే తేలిక చేసింది. దున్నడం, కలుపు తీయడం, కాయ పగిలాక ఏరడం అన్నీ మనుషులే చేయాలి. ఆ మనుషులు బానిసలు. 1790 జనాభా లెక్కల్లో వాళ్ళు 7 లక్షలు, 1860లో 39 లక్షల 50 వేలు. 1808 నుంచి ఆఫ్రికా నుంచి బానిసల్ని తేవడం చట్టవిరుద్ధం అయింది కాబట్టి ఈ పెరుగుదల ప్రధానంగా అక్కడ పుట్టిన పిల్లల వల్లే. పొగాకు వేసి వేసి చవుడుబారిన వర్జీనియా, మేరీలాండ్ భూముల యజమానులు తమ దగ్గరున్న మనుషుల్ని మిసిసిపీ, అలబామా, లూయిసియానా పత్తి భూములకు అమ్ముకున్నారు. అలా యాభై అరవై ఏళ్ళలో సుమారు 10 లక్షల మందిని గొలుసులు కట్టి నడిపించో, ఓడల్లో ఎక్కించో తరలించారు. తల్లి ఒక వేలంలో పోతే బిడ్డ ఇంకో వేలంలో పోయేది. చేలో పని తెల్లవారకముందే మొదలు. ఆగస్టు చివర నుంచి సంక్రాంతి రోజుల దాకా ఏరుడు. గట్టి మనిషి రోజుకు 150, 200 పౌన్ల పత్తి ఏరాలి. సాయంత్రం జిన్ను ఇంటి దగ్గర ఎవరి బుట్ట వాళ్ళు తూకం వేయించుకోవాలి. తూకం తగ్గితే కొరడా. ఎక్కువ ఏరితే రేపటి నుంచి అదే కొత్త లెక్క. అందుకే తూకం దగ్గరికి వెళ్ళేవాళ్ళకు తగ్గితే ఒక భయం, పెరిగితే ఇంకో భయం.

ఇప్పుడు డబ్బు లెక్క. 1860లో న్యూ ఆర్లియన్స్ వేలంలో ఆరోగ్యంగా ఉన్న యువకుడి ధర 1,500 డాలర్ల పైమాటే. మొత్తం బానిసల విలువ 300 కోట్ల డాలర్లకు మించిందని అంచనా. ఆ దేశంలోని రైల్వేలు, ఫ్యాక్టరీలు కలిపినా అంత లేదు. యజమానులు భూమిని తాకట్టు పెట్టినట్టే బానిసల్నీ తాకట్టు పెట్టి అప్పులు తెచ్చేవారు, ఆ అప్పుతో మళ్ళీ మనుషుల్నే కొనేవారు. తర్వాత విడిపోయిన పదకొండు రాష్ట్రాల్లో దాదాపు మూడింట ఒక కుటుంబానికి బానిసలున్నారు. బానిసత్వం తప్పని ఎవరో ఎక్కడో అంటే చాలు, అక్కడ అప్పు పుట్టడం కష్టమైపోతుంది, ఆస్తి ధర పడిపోతుంది. దక్షిణాది నాయకులు ఒక్క విమర్శను కూడా ఎందుకు సహించలేకపోయారో ఇక్కడ తెలుస్తుంది.

ఈ ఆస్తిని కాపాడే ఏర్పాట్లు రాజ్యాంగంలోనే ఉన్నాయి. ఓటు లేని బానిసల్ని ఐదింట మూడు వంతులుగా జనాభాలో కలిపి దక్షిణ రాష్ట్రాలకు ప్రతినిధుల సభలో అదనపు సీట్లిచ్చారు. పారిపోయిన బానిసను తిరిగి అప్పగించాలని ఒక నిబంధన పెట్టారు. పేచీ అంతా పడమటికి విస్తరించిన కొత్త భూముల దగ్గర వచ్చింది. 1820లో మిస్సోరి ఒప్పందం కుదిరి, 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశానికి ఉత్తరాన, మిస్సోరి మినహా, బానిసత్వం ఉండకూడదన్నారు. 1846–48లో మెక్సికోతో యుద్ధం చేసి కాలిఫోర్నియా దాకా గెలుచుకున్నాక తగవు మళ్ళీ రాజుకుంది. 1850లో ఇంకో రాజీ కుదిరింది. దాంతోపాటే వచ్చింది పారిపోయిన బానిసల చట్టం.

ఈ చట్టం దగ్గర కాస్త ఆగాలి. దీని ప్రకారం కేంద్ర ప్రభుత్వ కమిషనర్ ఎదుట యజమాని మనిషి వచ్చి ఇతను మా బానిస అని ప్రమాణపత్రం చూపిస్తే చాలు. పట్టుబడ్డ మనిషి నోరు విప్పి సాక్ష్యం చెప్పుకోవడానికి వీల్లేదు, జ్యూరీ లేదు. బానిసే అని తేల్చి పంపితే కమిషనర్‌కు 10 డాలర్ల రుసుము, కాదని వదిలేస్తే 5 డాలర్లు. ఆశ్రయమిచ్చిన వాళ్ళకు 1,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. వీధిలో వెళ్ళే ఎవరినైనా పట్టుకోవడానికి సాయం రమ్మని ఆజ్ఞాపించవచ్చు. అప్పటిదాకా బానిసత్వం ఎక్కడో దక్షిణాన ఉన్న వ్యవహారం అనుకున్న బోస్టన్ వాసికి అది తన వాకిట్లోకే వచ్చింది. ఉత్తర రాష్ట్రాలు కొన్ని దీన్ని అడ్డుకునేలా తమ సొంత చట్టాలు చేసుకున్నాయి. అంటే 1850ల్లో రాష్ట్రాల హక్కు అని నిలబడింది ఉత్తరాది. కేంద్రం బలగాన్ని పంపి మా ఆస్తి మాకు పట్టివ్వమని అడిగింది దక్షిణాది.

ఆ తర్వాత మెట్లు వేగంగా దిగిపోయాయి. 1854లో సెనెటర్ స్టీఫెన్ డగ్లస్ తెచ్చిన కాన్సస్–నెబ్రాస్కా చట్టం పాత అక్షాంశ రేఖను చెరిపేసి, అక్కడి జనమే ఓటేసి తేల్చుకోవాలంది. రెండు పక్షాలవాళ్ళూ తుపాకులతో కాన్సస్ చేరి చంపుకున్నారు. ఆ కోపంలోనే రిపబ్లికన్ పార్టీ పుట్టింది. 1857 మార్చిలో, తనకు స్వేచ్ఛ కావాలని కోర్టుకెక్కిన బానిస డ్రెడ్ స్కాట్ కేసులో ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ, నల్లవాళ్ళు అమెరికా పౌరులు కాలేరని, కొత్త భూభాగాల్లో బానిసత్వాన్ని నిషేధించే అధికారం కాంగ్రెస్‌కు లేదని తీర్పు చెప్పాడు. 1859 అక్టోబరులో బానిసత్వాన్ని ఎదిరించిన జాన్ బ్రౌన్ కొద్దిమందితో హార్పర్స్ ఫెర్రీలోని ప్రభుత్వ ఆయుధశాలను పట్టుకుని, ఓడి, డిసెంబరు 2న ఉరికంబం ఎక్కాడు. 1860 నవంబరులో నలుగురు పోటీచేసిన ఎన్నికలో రిపబ్లికన్ అభ్యర్థి అబ్రహాం లింకన్ 40 శాతానికి కాస్త తక్కువ ఓట్లతో, అధ్యక్షుణ్ణి తేల్చే ఎలక్టోరల్ ఓట్లు 180తో గెలిచాడు. ఉన్నచోట బానిసత్వాన్ని ముట్టుకోను, కొత్త భూముల్లోకి మాత్రం పోనివ్వను అన్నది ఆయన వాగ్దానం. ఆ మాత్రానికే డిసెంబరు 20న సౌత్ కరోలినా దేశం నుంచి విడిపోయింది.

ఎందుకు విడిపోతున్నామో వాళ్ళే వివరంగా రాశారు. సౌత్ కరోలినా ప్రకటన చదవండి. ఉత్తర రాష్ట్రాలు పారిపోయిన బానిసల్ని అప్పగించడంలేదని ఫిర్యాదు. న్యూయార్క్ గుండా బానిసను వెంటబెట్టుకుని ప్రయాణం చేసే హక్కు కూడా మాకు లేకుండా చేశారని ఫిర్యాదు. మిసిసిపీ ప్రకటన రెండో వాక్యం దగ్గరే, మా స్థితి బానిసత్వ వ్యవస్థతో పూర్తిగా ముడిపడి ఉందని చెప్పేస్తుంది. విడిపోయిన రాష్ట్రాలు కలిసి పెట్టుకున్న ప్రభుత్వం, అంటే కాన్ఫెడరసీ, ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ 1861 మార్చి 21న సవానా నగరంలో మాట్లాడుతూ, నల్లవాడు తెల్లవాడితో సమానం కాడన్నదే మా కొత్త ప్రభుత్వానికి మూలరాయి అని చాటాడు. వాళ్ళ రాజ్యాంగం ఇంకా గట్టిది. బానిసల మీద ఆస్తి హక్కును దెబ్బతీసే చట్టం చేయకూడదని, ఏ రాష్ట్ర పౌరుడైనా బానిసలతో ఏ రాష్ట్రానికైనా వెళ్ళవచ్చని, కొత్తగా చేరే భూభాగాల్లోనూ బానిసత్వాన్ని గుర్తించి తీరాలని రాసుకున్నారు. ఇక సుంకాల వాదన అంటారా, 1857 నాటి సుంకాలు నలభై ఏళ్ళలో ఎన్నడూ లేనంత తక్కువ. వాటిని పెంచిన చట్టం 1861 మార్చిలో, అప్పటికే ఏడు రాష్ట్రాలు విడిపోయి వాళ్ళ సెనెటర్లు వెళ్ళిపోయాక ఆమోదం పొందింది.

1861 ఏప్రిల్ 12 తెల్లవారుజామున సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్ రేవులో, కేంద్ర సైన్యం ఉన్న ఫోర్ట్ సమ్టర్ కోట మీద కాన్ఫెడరేట్ ఫిరంగులు పేలాయి. లింకన్ మూడు నెలల కోసమని 75 వేల మంది సైనికుల్ని పిలిచాడు. దాంతో వర్జీనియా, ఆర్కెన్సా, టెనెసీ, నార్త్ కరోలినా కూడా అవతలికి వెళ్ళాయి. డెలావేర్, మేరీలాండ్, కెంటకీ, మిస్సోరి బానిస రాష్ట్రాలైనా యూనియన్‌లోనే, అంటే లింకన్ ప్రభుత్వం వైపే, ఉండిపోయాయి. బలాబలాలు చూస్తే ఉత్తరాన 2 కోట్ల 20 లక్షల జనం, దక్షిణాన 90 లక్షలు, అందులో 35 లక్షల మంది బానిసలు. రైలు మార్గం ఉత్తరాన 22 వేల మైళ్ళు, దక్షిణాన 9 వేలు, అదీ ఒక్కో కంపెనీది ఒక్కో గేజి. ఒక ఊళ్ళో దిగిన సరుకును బండ్లకెత్తి ఊరి అవతల ఇంకో రైలుకు ఎక్కించాలి. కొత్త పట్టాలు పోతపోసే శక్తి లేక, యుద్ధం సాగేకొద్దీ చిన్న లైన్లను పీకి పెద్ద లైన్లకు అతుకులు వేశారు. తిండి పండే జిల్లాలో గిడ్డంగుల్లో మొక్కజొన్న పుచ్చిపోతుంటే వర్జీనియాలో సైన్యం పస్తులుంది. అయితే దక్షిణానికి ఒక వీలుంది. ఉత్తరాది గెలవాలంటే ఏడున్నర లక్షల చదరపు మైళ్ళను ఆక్రమించాలి. దక్షిణాది గెలవాలంటే అవతలివాళ్ళకు విసుగుపుట్టే దాకా నిలబడితే చాలు.

ఇక అసలు మలుపుకు వద్దాం. 1861 మే 23 రాత్రి, వర్జీనియాలో యూనియన్ చేతిలో ఉన్న ఫోర్ట్ మన్రో కోటకు ఒక చిన్న పడవలో ముగ్గురు వచ్చారు: ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మాలరీ, జేమ్స్ టౌన్‌సెండ్. కాన్ఫెడరేట్ ఫిరంగుల కోసం మట్టి పని చేయిస్తూ, ఇక నార్త్ కరోలినాకు పంపేస్తారని తెలిసి పారిపోయి వచ్చారు. మర్నాడే తెల్లజెండాతో ఒక కాన్ఫెడరేట్ మేజర్ వచ్చి, చట్టప్రకారం వాళ్ళను అప్పగించమన్నాడు. కోట అధికారి జనరల్ బెంజమిన్ బట్లర్ వృత్తిరీత్యా లాయరు. వర్జీనియా తనను వేరే దేశమంటోంది, వేరే దేశానికి మా చట్టం వర్తించదు, మీ యజమాని వచ్చి యూనియన్‌కు విధేయత ప్రమాణం చేస్తే అప్పుడు చూస్తాను అన్నాడు. శత్రువు యుద్ధానికి వాడుకునే సరుకును స్వాధీనం చేసుకునే హక్కు నాకుంది, మీరే వాళ్ళను సరుకంటున్నారు కాబట్టి ఉంచుకుంటాను అని ముగించాడు.

ఆ వార్త ఎలా పాకిందో గాని, జూలై ఆఖరుకు కోటలో 900 మంది చేరారు. ముసలివాళ్ళు, చంకలో పిల్లలున్న తల్లులు వచ్చారు. యుద్ధ సరుకు అనే వాదన మగవాళ్ళకు సరిపోతుంది, ఈ పసిపిల్లల్ని ఏమనాలి అని బట్లర్ వాషింగ్టన్‌కు రాయాల్సొచ్చింది. ఆగస్టులో కాంగ్రెస్ మొదటి జప్తు చట్టం చేసింది, 1862 జూలైలో రెండోది. ప్రతి చట్టం అప్పటికే జరిగిపోయిన పని వెనకాల నడిచింది. యూనియన్ సైన్యం ఎక్కడ అడుగుపెడితే అక్కడికి జనం వచ్చేవారు. వచ్చినవాళ్ళు దారులు చెప్పారు, వాగుల లోతు చెప్పారు, శత్రువు ఎక్కడున్నాడో చెప్పారు, వంట చేశారు, గోతులు తవ్వారు. వచ్చిన ప్రతి మనిషీ ఇటు ఒకటి కలిపి అటు ఒకటి తీసేసినట్టే.

చార్ల్‌స్టన్ రేవులో 1862 మే 13న జరిగింది చూడండి. ప్లాంటర్ అనే కాన్ఫెడరేట్ స్టీమరులో చుక్కాని పట్టేవాడు రాబర్ట్ స్మాల్స్, ఇరవై మూడేళ్ళ బానిస. ఆ రాత్రి తెల్ల అధికారులు ఊళ్ళోకి వెళ్ళారు. ఓడలో అప్పటికే నాలుగు ఫిరంగులు ఎక్కించి ఉన్నాయి. స్మాల్స్ తెల్లవారకముందే ఆవిరి లేపి, పక్క రేవులో దాక్కున్న తన భార్యాబిడ్డల్ని, మిగతా కుటుంబాలను ఎక్కించుకున్నాడు. కెప్టెన్ గడ్డి టోపీ పెట్టుకుని, ఆయన నిలబడే తీరులోనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అప్పటికి కాన్ఫెడరేట్ల చేతిలో ఉన్న ఫోర్ట్ సమ్టర్ ముందుకు రాగానే విజిల్‌తో ఏ సంకేతం ఇవ్వాలో తెలుసు, ఇచ్చాడు. కోట పొమ్మంది. ఫిరంగి దూరం దాటాక కాన్ఫెడరేట్ జెండా దించి దుప్పటి ఎగరేసి రేవును దిగ్బంధం చేస్తున్న యూనియన్ ఓడకు అప్పగించాడు. నల్లవాళ్ళకు ధైర్యం, నేర్పు లేవని వాదించేవాళ్ళకు ఉత్తరాది పత్రికలన్నీ నెలలపాటు ఈ సంగతే చూపించాయి. యుద్ధం తర్వాత స్మాల్స్ అదే సౌత్ కరోలినా నుంచి కాంగ్రెస్‌కు ఎన్నికయ్యాడు.

యుద్ధభూమిలో ఇంతమంది ఎందుకు చచ్చారన్నది తుపాకీలో ఉంది. అంతకుముందు నున్నటి గొట్టం తుపాకీకి గురి వంద గజాల లోపే. ఇప్పుడు గొట్టంలో మెలికల గాడులున్నాయి. అందులో వేసే, మినీ అనే పేరున్న తూటా మెత్తటి సీసం, అడుగున గుంట. మందు పేలగానే ఆ గుంట విచ్చుకుని గాడులను పట్టుకుంటుంది, గిరగిరా తిరుగుతూ బయటికొస్తుంది. 300 గజాల దాకా గురి. సేనాపతులు మాత్రం పాత అలవాటు కొద్దీ భుజం భుజం రాసుకునే వరసల్లో బయలు నేల మీద నడిపించారు. నింపడం ఎలాగంటే, కాగితపు గొట్టాన్ని పళ్ళతో కొరికి మందు పోయాలి, తూటా పెట్టాలి, కడ్డీతో దట్టించాలి, కడ్డీ తీసి చోట్లో పెట్టాలి, సుత్తి ఎత్తి కొత్త క్యాప్ పెట్టాలి, గురిచూసి పేల్చాలి. చేయి తిరిగినవాడు నిమిషానికి మూడుసార్లు. కంగారులో క్యాప్ మరిచిపోతే తుపాకీ పేలదు, కానీ చుట్టూ మోతలో తనది పేలిందో లేదో తెలియదు, మళ్ళీ నింపుతాడు. 1863 జూలై నాటి గెటిస్‌బర్గ్ పోరు తర్వాత పొలాల్లో ఏరిన 27 వేల చిల్లర తుపాకుల్లో దాదాపు 24 వేలు నింపి ఉన్నవే, వాటిలో సగం రెండేసి గుండ్లతో ఉన్నాయని ఆయుధశాఖ లెక్క.

ఆ మెత్తటి సీసం ఎముకకు తగిలితే చితికిపోయి ఎముకను ముక్కలు చేసేది. అతికే దారి లేదు, చేయో కాలో తీసేయాలి. క్లోరోఫాం, ఈథర్ ఉన్నాయి కాబట్టి మత్తు ఇచ్చే కోశారు. లేనిది శుభ్రత. ఒకరి రక్తం తుడిచిన కత్తితోనే ఇంకొకరిని కోసేవారు, క్రిముల సంగతి వైద్యానికి ఇంకా తెలియదు. మొత్తం చావుల్లో మూడింట రెండు వంతులు రోగాలవే: విరేచనాలు, టైఫాయిడ్, తట్టు. మరుగుదొడ్డి గోతులు తాగే నీటికి ఎగువన తవ్విన శిబిరాలు యుద్ధం చూడకుండానే సగం ఖాళీ అయ్యేవి.

1862 సెప్టెంబరులో కాన్ఫెడరేట్ సేనాని రాబర్ట్ లీ మేరీలాండ్‌లోకి చొరబడ్డాడు. అతని ఆజ్ఞాపత్రం ఒకటి, మూడు పొగాకు చుట్టలకు చుట్టి ఉన్న కాగితంగా, యూనియన్ సైనికులకు ఖాళీ శిబిరంలో దొరికింది. సెప్టెంబరు 17న యాంటీటమ్ వాగు దగ్గర ఒక్కరోజులో చనిపోయిన, గాయపడిన, గల్లంతైన వాళ్ళు దాదాపు 23 వేలు. లీ వెనక్కి వెళ్ళాడు. ఆ మాత్రం గెలుపు కోసమే ఎదురుచూస్తున్న లింకన్ 22న విమోచన ప్రకటన ముసాయిదా బయటపెట్టి, 1863 జనవరి 1న సంతకం చేశాడు. తిరుగుబాటులో ఉన్న ప్రాంతాలకే అది వర్తించింది. యూనియన్‌లోని నాలుగు బానిస రాష్ట్రాలకు, టెనెసీకి, లూయిసియానాలో అప్పటికే చేజిక్కిన కొన్ని జిల్లాలకు మినహాయింపు. తన అధికారం లేనిచోట విడిపించి ఉన్నచోట విడిపించలేదని ఆనాడే ఎద్దేవా చేశారు. నేనైతే దాన్ని చిన్న కాగితమని అనను. ఆ రోజు నుంచి యూనియన్ సైన్యం ముందుకు వేసే ప్రతి మైలూ విమోచన మైలు అయింది, నల్లవాళ్ళను సైన్యంలో చేర్చుకోవడానికి తలుపు తెరుచుకుంది.

చేరినవాళ్ళు 1 లక్షా 79 వేలమంది, నౌకాదళంలో ఇంకో 18 వేలకు పైగా. ఎక్కువమంది బానిసత్వం నుంచి వచ్చినవాళ్ళే. తెల్ల సిపాయికి నెలకు 13 డాలర్లు, వీళ్ళకు 10, అందులో బట్టలకని 3 కోత. నల్ల సైనికుల మసాచుసెట్స్ 54వ దళం ఆ తక్కువ జీతాన్ని ముట్టుకోకుండా ఏడాదికి పైగా పోరాడింది. 1863 జూలై 18న కాన్ఫెడరేట్ల కోట ఫోర్ట్ వాగ్నర్ ఇసుక గోడలెక్కి వందలమందిని పోగొట్టుకుంది. సమాన జీతం 1864 జూన్‌లో చట్టమైంది. పట్టుబడ్డ నల్ల సైనికుల్ని యుద్ధఖైదీలుగా చూడం, బానిసలుగానే చూస్తామని కాన్ఫెడరసీ పట్టుబట్టడంతో ఖైదీల మార్పిడి ఆగిపోయింది. జార్జియాలోని ఆండర్సన్‌విల్ జైలులో 45 వేలమందిలో దాదాపు 13 వేలమంది చచ్చిపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

మన నేలకు ఈ యుద్ధం ఎలా తాకిందో ఇక్కడ చెప్పాలి. పత్తి ఆపేస్తే బ్రిటన్ మగ్గాలు ఆగి తమవైపు రాక తప్పదని దక్షిణాది లెక్క. 1861లో తామే ఎగుమతి నిలిపేశారు. కానీ అంతకుముందు ఏళ్ళ పెద్ద పంటల వల్ల లివర్‌పూల్ గోదాములు నిండి ఉన్నాయి, కొరత తెలిసేసరికి ఏడాది దాటింది, ఈలోగా యూనియన్ నౌకలు రేవులు మూసేశాయి. లాంకషైర్‌లో లక్షలమంది కార్మికులు పని పోయి గంజి కేంద్రాల ముందు నిలబడ్డారు. బ్రిటన్ హిందూదేశం వైపు తిరిగింది. 1862లో అక్కడికి చేరిన పత్తిలో మూడొంతులు మనదే. పౌను 7 పెన్సు దగ్గరున్న ధర 1864కి నాలుగింతలు చేరింది. బొంబాయిలో షేర్ల పిచ్చి పుట్టింది. దత్త మండలాల నల్లరేగడిలో, బళ్ళారి, కర్నూలు, కడప రైతుల చేతిలో కొంత డబ్బు ఆడింది. గుంటూరు, కృష్ణా వైపు పత్తి కాకినాడ రేవు పేరు మీదే లండన్ బజారులో ఒక రకంగా చలామణి అయింది. పింజ పొట్టి, దారం తెగుతోందని లాంకషైర్ నేతగాళ్ళు విసుక్కున్నా వాళ్ళకు వేరే గతి లేదు. 1865లో యుద్ధం ముగిసిన వార్త రాగానే ధర కూలింది, బొంబాయి బ్యాంకులు దివాలా తీశాయి, ధర నిలుస్తుందని అప్పు చేసినవాళ్ళు మునిగారు.

కాన్ఫెడరసీని లోపలి నుంచి కూడా తినేసిన చట్టం ఒకటుంది. 1862 ఏప్రిల్‌లో నిర్బంధ సైనిక సేవ పెట్టారు. అక్టోబరులో ఇరవై మంది బానిసలున్న ప్రతి ఎస్టేటుకూ ఒక తెల్ల మగవాడికి మినహాయింపు ఇచ్చారు. బానిసలు లేని సన్నకారు రైతు కొడుకు యుద్ధానికి, ఎస్టేటు కొడుకు ఇంట్లో. 1863లో పంటలో పదో వంతు పన్నుగా లాక్కున్నారు. కాగితం నోట్లు అచ్చుకొట్టి కొట్టి చివరికి ధరలు యుద్ధం ముందుకన్నా 90 రెట్లయ్యాయి. 1863 ఏప్రిల్ 2న రాజధాని రిచ్‌మండ్‌లో ఆడవాళ్ళు రొట్టె కోసం దుకాణాలు పగలగొట్టారు. సిపాయిలు ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం చదివి తుపాకీ పడేసి పొలానికి పోయేవారు. ఉత్తరాదీ శుద్ధమేమీ కాదు. 300 డాలర్లు కడితే సేవ తప్పించుకోవచ్చన్న చట్టం మీద 1863 జూలైలో న్యూయార్క్ పేదలు లేచి, ఆ కసిని నల్లవాళ్ళ మీద తీర్చుకున్నారు, అనాథ పిల్లల ఆశ్రమాన్ని కాల్చారు.

ఆ జూలైలోనే యుద్ధం నడుము విరిగింది. 1 నుంచి 3 దాకా గెటిస్‌బర్గ్‌లో లీ ఓడాడు, రెండు వైపులా కలిపి దాదాపు 51 వేల నష్టం. 4న, 47 రోజుల ముట్టడి తర్వాత, మిసిసిపీ నది మీది విక్స్‌బర్గ్ 29 వేల మందితో యూనియన్ సేనాని గ్రాంట్‌కు లొంగింది. నది మొత్తం యూనియన్‌దయింది. 1864లో గ్రాంట్ సర్వసేనాని అయి లీని వదలకుండా పీటర్స్‌బర్గ్ కందకాల దాకా తరిమాడు. రక్తం ఏరులై పారడంతో ఆ వేసవిలో లింకన్ ఓడిపోతాడనే అందరూ అనుకున్నారు. సెప్టెంబరు 2న యూనియన్ జనరల్ షెర్మన్ అట్లాంటాను పట్టుకోవడంతో ఎన్నిక తిరగబడింది. నవంబరులో 62 వేల మందితో షెర్మన్ సముద్రం వైపు 285 మైళ్ళు నడిచాడు. దారిలో రైలు దుంగలు పోగేసి నిప్పంటించి, పట్టా మధ్యభాగం ఎర్రగా కాలాక చెట్టుకు చుట్టి మెలిపెట్టేవారు. ఊరికే వంచితే తిరిగి సాపు చేసుకోవచ్చు, మెలి తిరిగినదాన్ని మళ్ళీ కరిగించాల్సిందే.

ఆ సైన్యం వెనక వేలమంది బానిసలు నడిచారు. డిసెంబరు 9న ఎబెనీజర్ వాగు దగ్గర సైన్యం దాటగానే పడవల వంతెన లాగేశారు. వెనక శత్రువు గుర్రాలు వస్తుంటే జనం చన్నీళ్ళలో దూకారు, ఎంతోమంది మునిగిపోయారు. యూనియన్ జనరలే ఆ ఆజ్ఞ ఇచ్చాడు. ఆ గొడవ వాషింగ్టన్ చేరి, 1865 జనవరి 12న యుద్ధమంత్రి స్టాంటన్ సవానాలో ఇరవైమంది నల్ల పాస్టర్లతో కూర్చున్నాడు. మీకేం కావాలని అడిగితే, వాళ్ళ తరఫున గారిసన్ ఫ్రేజియర్, మాకు భూమి కావాలి, మా శ్రమతో దున్నుకుంటాం అన్నాడు. నాలుగు రోజుల్లో షెర్మన్ ఆజ్ఞ వచ్చింది, తీరం వెంబడి కుటుంబానికి 40 ఎకరాలదాకా. దాదాపు 40 వేలమంది దిగి విత్తనం వేసుకున్నారు. ఏప్రిల్ 9న అపొమాటాక్స్‌లో లీ లొంగిపోయాడు, 14 రాత్రి లింకన్‌ను తుపాకీతో కాల్చారు. కొత్త అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఆ ఏడాది తిరగకముందే పాత యజమానులకు క్షమాభిక్ష పెట్టి ఆ భూములు తిరిగి ఇప్పించాడు. డిసెంబరు 6న రాజ్యాంగ 13వ సవరణ అమల్లోకి వచ్చి బానిసత్వం రద్దయింది. భూమి లేని ఆ జనం అదే పొలాల్లో, విత్తనానికి, తిండికి ముందే అప్పుపడి, పాలికి పత్తి పండించారు.

ఒక చీటీ వచ్చింది. బ్రిటన్ లాగా యజమానులకు డబ్బిచ్చి విడిపిస్తే యుద్ధం తప్పేది కదా అని అడిగారు. మంచి ప్రశ్న. బ్రిటన్ 1833లో యజమానులకు 2 కోట్ల పౌండ్లు ఇచ్చిన మాట నిజం. లింకన్ కూడా ఆ దారి చూశాడు. 1861 చివర్లో డెలావేర్‌ను ఎంచుకున్నాడు, ఎందుకంటే అక్కడున్నది 1,798 మంది బానిసలే. తలకు 400 డాలర్ల చొప్పున 7 లక్షల 19 వేల 200 డాలర్లు కేంద్రం ఇస్తుంది, క్రమంగా విడిపించండి అన్నాడు. బిల్లును ఆ రాష్ట్ర శాసనసభలో పెట్టడానికి కూడా ఓట్లు దొరకలేదు. 1862 జూలైలో యూనియన్‌లో ఉండిపోయిన సరిహద్దు బానిస రాష్ట్రాల ప్రతినిధులను పిలిచి మళ్ళీ అడిగాడు, ఎక్కువమంది కాదన్నారు. అన్నిచోట్లా కొనాలంటే 300 కోట్లు కావాలి, 1860లో కేంద్ర ప్రభుత్వ ఏడాది ఖర్చు 7 కోట్లు కూడా లేదు. యుద్ధానికి ఉత్తరాది పెట్టిన ఖర్చు చివరికి ఆ 300 కోట్ల దగ్గరికే వచ్చింది. కానీ డబ్బు అడ్డం కాదు. అమ్మే ఉద్దేశం వాళ్ళకు లేదు. మనిషి మీద మనిషికి ఆ అధికారం ఉండాలనే వాళ్ళు పోరాడారు. డబ్బిచ్చి విడిపించింది 1862 ఏప్రిల్‌లో వాషింగ్టన్ నగరంలో మాత్రమే, యజమానికి తలకు 300 డాలర్ల దాకా. విడుదలైన మనిషికి ఇస్తామన్నది 100 డాలర్ల దాకా, అదీ దేశం వదిలి వెళ్ళిపోతేనే. డెలావేర్ యజమానులు 1865 డిసెంబరు దాకా తమ బానిసల్ని వదల్లేదు. సవరణ వచ్చిన రోజున వాళ్ళకు ఒక్క డాలరూ రాలేదు, ఆ రాష్ట్రం ఆ సవరణకు సమ్మతి తెలిపింది 1901లో.